గాలిగొట్టం సాక్ష్యం

1732లో ఆన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు సీన్ నదిలో వంపుగొట్టం ముంచి, అందులో నీళ్ళు ఎంత ఎత్తుకు ఎగబాకాయో చూసి ప్రవాహవేగం లెక్కకట్టాడు. విమానాల సంగతి ఆయన కల్లో కూడా అనుకుని ఉండడు. కానీ 2008 మార్చి దాకా అమీర్‌పేట, పంజగుట్ట వాసుల చెవులు చిల్లులు పడేలా బేగంపేటలో దిగిన జెట్ విమానాలన్నీ ముక్కు దగ్గర ఆ గొట్టం వారసుణ్ణి తగిలించుకునే వచ్చాయి. ఎదురుగాలి అందులో దూరి తెచ్చే ఒత్తిడే వేగానికి కొలత.

గొట్టం మూసుకుపోతేనో? 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బర్జెన్ ఎయిర్ బోయింగ్ 757 లేచిన కాసేపటికే సముద్రంలో కూలి 189 మంది పోయారు. మట్టిగూడు కట్టే కందిరీగ గొట్టంలో కాపురం పెట్టిందని దర్యాప్తువారి అనుమానం. మన భ్రమరకీటక న్యాయంలోని పురుగు చుట్టమే లెండి! విమానం పైకి పోయేకొద్దీ బయటిగాలి పల్చబడుతుంది. గొట్టంలో చిక్కిన గాలి మాత్రం అలాగే ఉంటుంది. దాంతో కెప్టెన్ ముందున్న ముల్లు వేగం పెరిగిపోతోందని చూపింది. నిజానికి తగ్గుతోంది. కో-పైలట్ ముల్లు నిజమే చెప్పింది గానీ, ఇద్దరు సాక్షుల్లో ఎవర్ని నమ్మాలి?

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 గొట్టాలకు మంచు అడ్డుపడింది. గొట్టాలు నిమిషం లోపే తేరుకున్నాయి. తికమకపడ్డ పైలట్లు తేరుకోలేదు. 228 మంది.

ఇలాంటి వేళకని ఎయిర్‌బస్ వాళ్ళు మరో సాక్షిని పెట్టారు. రెక్క గాలిని ఎంత వాలులో కోస్తోందో పసిగట్టే చిన్న రేకు అది. అంకెలుండవు, రంగుల పట్టీయే: ఆకుపచ్చలో ఉంటే క్షేమం. బోయింగ్ 787 ఆ వాలుకు విమానం బరువు కలిపి వేగాన్నే లెక్కగడుతుంది. ఆ రేకూ తప్పు చెప్పొచ్చు. ఒకే ఒక్క రేకు మాట నమ్మిన యంత్రం వల్ల 2018లో, 2019లో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలాయి. 346 మంది.