నడుముకు వేలాడిన చిన్న పుస్తకం

ఈజిప్టులో నైలు నదికి పడమట స్కేటిస్ అనే ఎడారి ఉంది. ఇప్పుడు దాన్ని వాదీ నట్రూన్ అంటున్నారు. నాలుగో శతాబ్దంలో అక్కడ ఒక పెద్దాయన ఓ కుర్ర సన్యాసి గదికి వెళ్లాడు. లోపల ఏదో గొణుగుడు. లేఖనాలు వల్లె వేస్తున్నాడేమోనని గుమ్మం బయటే ఆగి చెవి ఒగ్గాడు. తీరా వింటే, ఎదురుగా జనం ఉన్నట్టు ఊహించుకుని కుర్రాడు ప్రసంగం దంచేస్తున్నాడు! అది కాగానే డీకన్‌గా మారిపోయి, బాప్తిస్మం పొందనివాళ్లంతా ఇక వెళ్లవచ్చని ప్రకటించాడు. అప్పుడు తలుపు తట్టాడు పెద్దాయన. ఎంతసేపైంది వచ్చి అని కుర్రాడు గాభరాగా అడిగితే, నువ్వు జనాన్ని పంపించేస్తున్నప్పుడే వచ్చానని నవ్వేశాడు.

ఈ ముచ్చట రాసిపెట్టింది జాన్ కాసియన్. ఏళ్ల తరబడి ఆ ఎడారిలో తిరిగి, అక్కడ నేర్చుకున్నదంతా తర్వాత మార్సేయిలో గ్రంథాలుగా రాశాడు. ఇలా మెప్పు కోరే వృథాతిశయంతో చిక్కేమిటో ఆయన బాగా పట్టుకున్నాడు. మిగతా దుర్గుణాలు ఓడిస్తే నీరసిస్తాయి. ఇది గెలుపునే మేసి బలుస్తుంది. పదిమందికీ తెలిసేలా ఉపవాసం చేస్తే గొప్ప. దాచి చేస్తే, దాచానన్న గొప్ప. ఉల్లిపాయలా ఒక పొర ఒలిస్తే ఇంకోటి ఉంటుందన్నది అక్కడి పెద్దల పోలికేనని రాశాడు.

కాసియన్‌కు ఈ విద్యలో దారి చూపినవాడు ఎవాగ్రియస్. కాన్‌స్టాంటినోపుల్‌లో వాదనా పటిమకు పేరుపడ్డ డీకన్. అన్నీ వదిలి ఎడారికొచ్చి, గ్రంథాలకు నకళ్లు రాస్తూ బతికాడు, 399లో పోయాడు. మనిషిని పడదోసే ఎనిమిది తలంపుల పట్టీ ఆయనదే. అందులో వృథాతిశయం ఏడోది, గర్వం ఎనిమిదోది. అంతటివాడూ ఒకసారి సభలో మాట్లాడితే, మీ దేశంలోనైతే బిషప్పువే అయ్యేవాడివేమో, ఇక్కడ మాత్రం పరాయివాడివని ఓ గురువు చురక అంటించాడు. ఎవాగ్రియస్ కలత పడకుండా, తల ఊపి నోరు మూసుకున్నాడు.

తన గర్వం తనకు కనబడదని వీళ్లకు తెలుసు. అందుకే ఇంకొకరి కన్ను కావాలన్నారు. తోటివారికి చెప్పబోతున్నట్టుగా ఎవరి తలంపులు వారు రాసుకోవాలని 356లో మరణించిన ఎడారి సన్యాసి ఆంతోనీ సలహా ఇచ్చాడని ఆయన జీవితకథ రాసిన అథనాసియస్ చెప్పాడు. ఏడో శతాబ్దంలో సీనాయి మఠాధిపతి జాన్ క్లిమాకస్, అలెగ్జాండ్రియా దగ్గరి మఠంలో భోజనశాల చూసే సన్యాసి నడుముకు చిన్న పుస్తకం వేలాడటం గమనించాడు. రోజూ మనసులో మెదిలినవి అందులో రాసి పెద్దకు చూపిస్తాడట. వంటింటి లెక్కల కన్నా ఈ లెక్కే కష్టం.

పదహారో శతాబ్దంలో జెస్యూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా ఈ ఆత్మపరిశీలనను పద్ధతిగా మార్చాడు. 1548లో పోపు ఆమోదం పొందిన ‘ఆధ్యాత్మిక సాధనలు’లో వారానికి ఏడు జతల గీతలుంటాయి. వదిలించుకోదలచిన దోషం ఒకటి ఎంచుకుని, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి, ఎన్నిమార్లు జారితే అన్ని చుక్కలు పెట్టాలి. చుక్కలు తగ్గుతాయన్న ఆశతో కాబోలు, గీతలు కూడా రోజురోజుకూ పొట్టివవుతాయి.

ఆయనకూ వృథాతిశయపు జాడ్యం తగులుకుంది. 1523లో బార్సిలోనాలో ఓడ ఎక్కేటప్పుడు, యెరూషలేముకు వెళుతున్నానంటే ఎక్కడ గొప్ప అవుతుందోనని రోమ్‌కని చెప్పాడు. ముప్పై ఏళ్ల తర్వాత గోన్సాల్వెస్ ద కామరా అనే శిష్యుడు రోమ్‌లో ఆయన దగ్గర తన వృథాతిశయం గురించి మొరపెట్టుకుంటే, రెండేళ్లు తానూ దానితో పెనుగులాడానని చెప్పాడు. ఆ మాటల మీదే, ఎందరు అడిగినా చెప్పని తన జీవితకథను చెప్పడానికి ఒప్పుకున్నాడు. కామరా రాసిన ఆ కథలో ఇగ్నేషియస్ ‘యాత్రికుడు’గానే కనిపిస్తాడు, 1538తో అది ఆగిపోతుంది, ఆయన సంఘాధిపతిగా గడిపిన ఏళ్ల దాకా రాదు.