లిస్టీరియా: ఫ్రిజ్‌లోనూ పెరిగే బ్యాక్టీరియా.. వండిన మాంసంలో దీన్ని ఎలా పట్టుకుంటారంటే?

వాసన మారదు, రంగు మారదు. రుచి కూడా మామూలుగానే ఉంటుంది. కానీ ఆ ముక్కలో ప్రాణం తీసే బ్యాక్టీరియా ఉండొచ్చు. దాని పేరే లిస్టీరియా మోనోసైటోజీన్స్. వండి ప్యాక్ చేసి అమ్మే సాసేజ్, సలామీ, హామ్ లాంటి వాటితో దీని భయం ఎక్కువ.

2017-18లో దక్షిణాఫ్రికాలో ఇది 1,060 మందికి సోకింది. 216 మంది చనిపోయారు. కేసుల్లో దాదాపు సగం గర్భిణులు, అప్పుడే పుట్టిన పసికందులవే. ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన వాటిలో ఇదే అతి పెద్ద లిస్టీరియా వ్యాప్తి.

ఉడికిస్తే చావదా? చస్తుంది. చిక్కంతా ఉడికించిన తర్వాతే! ముక్కలు కోసే మెషీన్, కన్వేయర్ బెల్ట్, డ్రైనేజీ.. వీటిలో దాక్కున్న బ్యాక్టీరియా మళ్లీ మాంసానికి అంటుకుంటుంది. పైగా 4 డిగ్రీల చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతుంది.

ఆచూకీ దొరికిందిలా..

తిన్న 70 రోజుల తర్వాత కూడా జబ్బు బయటపడొచ్చు. రెండు నెలల కిందట ఏం తిన్నారంటే ఎవరు చెప్పగలరు? అందుకే నెలల తరబడి మూలం దొరకలేదు. 2018 జనవరిలో సొవెటోలోని ఒక క్రెష్ నుంచి కొందరు పిల్లలు జ్వరం, విరేచనాలతో క్రిస్ హాని బరగ్వనాథ్ ఆసుపత్రికి వచ్చారు. డాక్టర్‌కు తిండి మీదే అనుమానం వచ్చింది. వెంటనే అధికారులు క్రెష్‌కి వెళ్లి ఫ్రిజ్ తెరిచారు. అక్కడ పొలొనీ ఉంది. అంటే బ్రెడ్‌లో పెట్టుకుని తినే చవకైన సాసేజ్ అన్నమాట. అందులో లిస్టీరియా తేలింది. అక్కడి నుంచి తీగ లాగితే పోలోక్వానేలోని ఎంటర్‌ప్రైజ్ ఫుడ్స్ ఫ్యాక్టరీ బయటపడింది. రోగుల్లో ఎక్కువ మందిలో కనిపించిన ఎస్‌టీ6 రకమే ఫ్యాక్టరీలోనూ ఉందని జీనోమ్ పరీక్ష తేల్చింది. మార్చి 4న ఆరోగ్య మంత్రి ఆరన్ మోత్సొఅలెడి ఈ విషయం ప్రకటించారు.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

25 గ్రాముల మాంసం తీసుకుని, లిస్టీరియా మాత్రమే బాగా పెరిగే ద్రవంలో వేస్తారు. ఒకటి రెండు రోజులు పెంచాక అగార్ ప్లేట్ మీద పూస్తారు. చుట్టూ తెల్లటి వలయంతో నీలి-ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తే అనుమానమే. ఆ తర్వాత మరికొన్ని పరీక్షలతో ఖాయం చేస్తారు. మొత్తం మీద వారం దాకా పట్టొచ్చు. పీసీఆర్‌తో కొంత త్వరగా తేలుతుంది కానీ దానికీ ముందు పెంచాల్సిందే.

నెగెటివ్ వచ్చిందంటే ఆ 25 గ్రాముల్లో లేదని మాత్రమే అర్థం. ప్యాకెట్లన్నీ సేఫ్ అని కాదు. అందుకే ఫ్యాక్టరీలో బ్లేడ్లు, బెల్టులు, డ్రైనేజీల నుంచి స్వాబ్‌లు తీయడం ఇంకా ముఖ్యం.

అమెరికాలో ఉంటున్న మన గర్భిణులకు డెలి మీట్ వద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో కొన్న సలామీ, సాసేజ్ అయినా అంతే.. పొగలు వచ్చేదాకా వేడి చేశాకే తినాలి. తెరిచిన ప్యాకెట్‌ని ఫ్రిజ్‌లో పెట్టినా 3 నుంచి 5 రోజుల్లో వాడేయాలి.