అడ్డుతెర తొలగే లిప్త

మా అక్క పెళ్లి ఆల్బంలో ఒక ఫోటో ఉంది. తలంబ్రాల ఘట్టం. అక్క నవ్వు, బాసికం, గాల్లో ఆగిపోయిన తలంబ్రాల గింజలు అన్నీ తేటగా పడ్డాయి. బావ ఉండాల్సిన చోట మాత్రం పైనుంచి కిందిదాకా నల్లటి పట్టీ. విజయనగరం జిల్లాలోని మా ఊళ్లో, రాత్రి ముహూర్తానికి పందిట్లో తీసిన ఫోటో అది. ఫోటోగ్రాఫరు అప్పుడే జంట కటకాల కెమెరా పక్కన పెట్టి, 36 ఫోటోల రీలు పట్టే కెమెరా కొన్నాడు. 60 మీద ఉండాల్సిన షట్టరు వేగం డయల్ హడావుడిలో 125 మీదికి జరిగింది. అంతే. ఆ పట్టీ ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి బయల్దేరితే నేను 1887 దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆ ఏడాది జర్మనీలో అడాల్ఫ్ మీతే, యోహానెస్ గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేటు, ఆంటిమొనీ సల్ఫైడు కలిపి మెరుపు మందు చేశారు. మన దీపావళి మందుకు దగ్గరి చుట్టమే. చీకట్లో కటకం మూత తీసేవారు, మందు అంటించేవారు, భగ్గుమన్నాక మూత పెట్టేసేవారు. వెలుగుకీ షట్టరుకీ పొత్తు కుదర్చాల్సిన పనే లేదు. చీకటే షట్టరు. కాకపోతే పొగ, నిప్పురవ్వలు. తాటాకు పందిళ్లలో ఆ పని తలుచుకుంటేనే భయం వేస్తుంది.

1929లో జర్మనీలోనే వాకుబ్లిట్జ్ అనే బల్బు వచ్చింది. గాజు బుడ్డిలో పల్చటి అల్యూమినియం రేకు, చుట్టూ ఆక్సిజన్. పొగ లేదు, రవ్వలు లేవు. బల్బుకు ఒక ఫోటో, తర్వాత పారేయడమే. చిక్కు ఇక్కడే మొదలైంది. రేకు అంటుకుని పూర్తి వెలుగు రావడానికి కొంత సమయం పడుతుంది. ఎక్కువగా వాడిన ఎం తరగతి బల్బులకు అది సెకనులో సుమారు 50వ వంతు. షట్టరు 1/250 సెకను మీద ఉంటే, వెలుగు పుంజుకునేలోపే తెరుచుకుని మూసుకుపోతుంది. అందుకని కెమెరా చేసేవాళ్లు ఒక ఆలస్యాన్ని లోపల అమర్చారు: ముందు బల్బు అంటుకుంటుంది, కాసేపాగి షట్టరు తెరుచుకుంటుంది. కెమెరాల మీద ‘ఎం’ అన్న అక్షరం ఈ ఆలస్యానికి గుర్తు.

ఇక ఎలక్ట్రానిక్ ఫ్లాష్. 1931లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ వాయువు నింపిన గొట్టంలో విద్యుత్తును ఒక్కసారిగా వదిలి, లిప్తపాటు వెలుగులు పుట్టించాడు. మన స్టూడియోల ఫ్లాష్‌లన్నిటికీ మూలపురుషుడు ఆయనే. ఈ వెలుగు అంటుకోవడానికి ఆగదు. సెకనులో వెయ్యో వంతులో వచ్చి పోతుంది. దీనికి ఆలస్యం పనికిరాదు. షట్టరు పూర్తిగా తెరుచుకున్న మరుక్షణమే వెలగాలి. ఆ అమరిక పేరు ‘ఎక్స్’.

మా వైపు స్టూడియోల్లో యాషికా జంట కటకాల కెమెరాలు రాజ్యమేలిన రోజుల్లో చాలావాటికి ఎక్స్, ఎం మధ్య జరిపే చిన్న మీట ఉండేది. అది పొరపాటున ఎం వైపు జరిగితే ఫ్లాష్ వెలిగి ఆరిపోయాక షట్టరు తెరుచుకునేది. పెళ్లివారందరికీ కళ్లు చెదిరేవి, రీలు మీద మాత్రం ఏమీ పడేది కాదు. శ్రీకాకుళంలో ఒక పెద్దాయన తన కెమెరా మీటకు లక్క అంటించి ఎక్స్ దగ్గరే బిగించేశాడు.

మీట సంగతి తప్పిస్తే ఆ కెమెరాలతో హాయి. వాటి షట్టరు కటకం లోపల ఉంటుంది. రేకులు నడిమి నుంచి విచ్చుకుంటాయి, ఫిల్మంతా ఒకేసారి వెలుగు చూస్తుంది. 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కొట్టొచ్చు. ఇబ్బందల్లా రీలుకు 12 ఫోటోలే. సరిగ్గా తలంబ్రాల మధ్యలో రీలు అయిపోతే ఆ మనిషి పడే బాధ చూడాలి. అందుకే 36 ఫోటోల కెమెరాకు మారారు.

ఆ కెమెరాలో షట్టరు ఫిల్ముకు ముందుంటుంది, రెండు తెరలుగా. మన పెళ్లిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర అనుకోండి. మొదటి తెర పక్కకు జరుగుతూ ఫిల్మును తెరుస్తుంది, రెండోది దాని వెనకే వచ్చి మూస్తుంది. వేగం తక్కువైతే మొదటిది పూర్తిగా తొలగాక రెండోది కదులుతుంది. మధ్యలో ఒక్క లిప్త ఫిల్మంతా తెరిచి ఉంటుంది. ఫ్లాష్ పడాల్సింది అప్పుడే. వేగం పెంచితే మొదటి తెర సగం దారిలో ఉండగానే రెండోది బయల్దేరుతుంది. ఫిల్ము మీద ఒక చీలిక మాత్రమే పరుగెడుతుంది. అప్పుడు ఫ్లాష్ కొడితే చీలిక ఎక్కడుందో అక్కడే వెలుగు. పాత కెమెరాల్లో తెరలు అడ్డంగా నడిచేవి గనక పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు చీకటైపోయారు. “అరవై దాటితే సగం మనిసే వస్తాడు బావూ” అని ఆ పెద్దాయన నాతో అన్నది అక్షరాలా నిజం.

ఆ అరవైని పెంచడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. 1959 నాటి నికాన్ ఎఫ్‌లో హద్దు 1/60. తెరల్ని నిలువుగా నడిపిస్తే 36 మిల్లీమీటర్లకు బదులు 24 దాటితే చాలు. కోపాల్ స్క్వేర్ షట్టరు ఈ ఉపాయంతోనే 1/125 అందుకుంది, 1965 నాటి నిక్కోర్మాట్‌లో ఉన్నది అదే. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 తేలికైన టైటానియం రేకులతో 1/200కు, తర్వాతి రూపంలో 1/250కి చేరింది. ఇప్పటి కెమెరాల్లో చాలావాటి హద్దు ఆ దరిదాపుల్లోనే ఉంది.

పందిట్లో రాత్రి తీసేవాడికి ఈ అంకె పెరిగితే ఏం ఒరిగింది? అప్పట్లో పెద్దగా ఏమీ లేదు. రాలే తలంబ్రాల గింజ సెకనుకు మూడు మీటర్లు పోతుందనుకుంటే 1/60లో అయిదు సెంటీమీటర్లు జారుతుంది, ఫ్లాష్ వెలిగిన వెయ్యో వంతులో మూడు మిల్లీమీటర్లే. పందిరి దీపాలు బలహీనం కాబట్టి గింజను ఆపేది ఫ్లాషే. ఇప్పుడు వీడియో కోసం ఎల్ఈడీ దీపాలు పట్టపగలు చేస్తున్నారు. 1/60 పెడితే ప్రతి గింజ వెనకా ఆ వెలుగు గీతై సాగుతుంది. అందుకే పెళ్లిలో ఇవాళ 1/200కు తగ్గవద్దంటాను.

అసలు తేడా ఎండలో తెలుస్తుంది. ఎదురెండలో తప్పెటగుళ్లు ఆడుతున్నారనుకోండి. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, ఎగిరెగిరి ఆట. ముఖాలు నీడలో ఉన్నాయి, ఫ్లాష్ కావాలి. ఐఎస్ఓ 100లో ఎండకు 1/60 పెడితే కటకం రంధ్రం ఎఫ్ 22 దాకా మూయాలి. గైడ్ నంబరును ఎఫ్ అంకెతో భాగిస్తే ఫ్లాష్ చేరే దూరం వస్తుంది; ఆ నంబరు అడుగుల్లో 120 ఉన్న ఫ్లాష్ అప్పుడు అయిదున్నర అడుగులకే చేరుతుంది. అంత దగ్గరికెళ్తే ఆటగాడి తప్పెట మన ముక్కుకు తగులుతుంది. 1/250లో ఎఫ్ 11, పదకొండు అడుగులు. పాత యాషికా 1/500లో ఎఫ్ 8, పదిహేను అడుగులు! పగటి ఫ్లాష్‌కు తాతల నాటి కెమెరాయే మేలన్నమాట.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో ఈ లెక్క ఇంకో రకం. దసరా తర్వాతి మంగళవారం సాయంత్రం, మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. అరవై అడుగుల దూరంలో, మాను చివర కూర్చున్న పూజారి మీదికి అదే ఫ్లాష్ చేరాలంటే ఎఫ్ 2 తెరవాలి. ఆ ఎండలో 1/250తో ఎఫ్ 2 తెరిస్తే ఆకాశమంతా తెల్లకాగితమే. అక్కడ ఫ్లాష్ ఆపేయడమే సరైన అమరిక. మాను ముందు సాగే బెస్తవారి వల, పాలధార జనం మీదికి మాత్రం ఫ్లాష్ చక్కగా పనికొస్తుంది. చీకటి పడ్డాక 1/15 పెట్టి, రెండో తెర మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగేలా అమర్చితే గంతులేసే మనిషి వెనక వెలుగు తోక వస్తుంది. మొదటి తెరకే వెలిగిస్తే ఆ తోక ముందుకొచ్చి మనిషి వెనక్కి నడుస్తున్నట్టుంటుంది.

హద్దు దాటే దారి కూడా పాత బల్బులే చూపించాయి. ఎఫ్‌పీ తరగతి బల్బు నెమ్మదిగా, ఒకే తీరుగా మండేది. చీలిక ఫిల్మంతా దాటేదాకా ఆరేది కాదు. 1980ల్లో ఒలింపస్ ఎఫ్280 ఫ్లాష్ దాన్నే విద్యుత్తుతో అనుకరించింది: ఒక్క పెద్ద మెరుపుకు బదులు చకచకా వందల చిన్న మెరుపులు. ఇప్పుడు హై స్పీడ్ సింక్ అంటున్నది ఇదే. వెలుగు ముక్కలుగా చీలిపోతుంది కనక దూరం బాగా తగ్గిపోతుంది. ఎండలో దగ్గరి ముఖాలకు తప్ప నేను దాని జోలికి పోను.

2023 నవంబరులో సోనీ ఏ9 త్రీ అనే కెమెరాను ప్రకటించింది. అందులో తెరలే లేవు. సెన్సరు మీది చుక్కలన్నీ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటాయి. 1/80000 దాకా ఫ్లాష్ పనిచేస్తుంది. ఈ సంగతి చెబుదామని శ్రీకాకుళం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చివరిదాకా విని, బీరువాలోంచి యాషికా తీసి, మీట మీది లక్కను గోటితో తడిమి చూసి, నా చేతిలో పెట్టాడు.