తోటకూర కట్టా, మందు చెంచా?

జబ్బుకి మందు, ఆకలికి అన్నం అని మనం విడివిడిగా లెక్క వేసుకుంటాం. ఆ రెండూ ఒకటేనని సర్కారు ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన హైదరాబాదుకి పెద్ద పాత్రే ఉంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీకు తెలిసే ఉంటుంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, మెకారిసన్ అనే డాక్టరుగారు బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి ఒక్క గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు.

ఆ రోజుల్లో పేదపిల్లల్ని పీడించిన జబ్బు రేచీకటి. దీపాలు పెట్టే వేళకి పిల్లవాడు తడుముకుంటూ నడుస్తాడు. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. కారణం విటమిన్ ‘ఎ’ లోపం. ఈ విటమిన్ కాలేయంలో నిలవ ఉంటుంది కనుక, పెద్ద మోతాదు ఒక్కసారి తాగిస్తే నెలల తరబడి పనిచేస్తుందని సంస్థవారు పల్లెల్లో ఇచ్చి చూశారు. 1970లో కేంద్రప్రభుత్వం చిన్నపిల్లలకి ఆర్నెల్లకోసారి 2 లక్షల యూనిట్ల మందు పోయించే పథకం పెట్టింది.

అప్పుడు సంస్థ డైరెక్టరు డాక్టర్ గోపాలన్. చిత్రమేమిటంటే, తరవాతి కాలంలో ఆయనే ఈ మందు మీదే ఆధారపడటం తగదని వాదించారు. చెంచాడు మందులో ఉండేది ఒక్క విటమినే. ఆకుకూర దొరకని పిల్లకి తక్కువైంది అదొక్కటేనా? తోటకూర, మునగాకు కాస్త నూనెతో వండిపెడితే కంటికీ, ఒంటికీ కూడా బలమే కదా!

ఆ సంస్థే చెప్పిన ‘హైదరాబాదు మిక్స్’ చూడండి. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. వేయించి పొడిచేసి బెల్లం కలపడమే. సుమారు 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. చిక్కిపోయిన పిల్లలకి ఇదే మందు!

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైంది. తెలంగాణాలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకి, బాలింతలకి అక్కడే కూర్చోబెట్టి పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వసాగారు. ఇంటికిస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా? అందరికీ పంచి, తాను ఆఖర్న గిన్నె అడుగు గీక్కుంటుంది.

మాసబ్ ట్యాంక్ చుట్టుపక్కల బస్తీల నుంచి మన ఇళ్ళకి పనికొచ్చే అమ్మాయిల్లో నెలలు నిండుతున్నవాళ్ళు ఉంటారు. “అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నావా అమ్మా?” అని ఒక్కమాట అడగండి. అలాగే మన వంటింట్లో చివర తినేది ఎవరో, వారి కంచంలో ఏం మిగులుతోందో కూడా ఒకసారి చూసుకోండి.