ఆలస్య స్ఖలనం: కారణాలు, మందుల చరిత్ర

కోరిక ఉండి, అంగస్తంభన బాగానే ఉండి, తగినంత ప్రేరణ అందుతున్నా వీర్యస్ఖలనం బాగా ఆలస్యం కావడాన్ని, లేదా అసలే జరగకపోవడాన్ని ఆలస్య స్ఖలనం అంటారు. కొందరికి యుక్తవయసు నుంచే ఉంటుంది, కొందరికి ఏళ్ల తరబడి అంతా సవ్యంగా సాగాక మొదలవుతుంది. శీఘ్రస్ఖలనం గురించి పత్రికల ఆరోగ్య శీర్షికల్లో కనిపించినంత చర్చ దీని గురించి కనిపించదు. ఎక్కువసేపు నిలవడం అదృష్టమే కదా అని బయటివాళ్ల ఊహ. చెమటలు పట్టి, అలిసిపోయి మధ్యలోనే ఆపేసే మగవాడికీ, తానంటే ఇష్టం లేదేమోనని కుమిలిపోయే భార్యకూ అది నరకం. పిల్లలు పుట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గానీ చాలామంది నోరు విప్పరు.

ఎంతసేపు పడితే ఆలస్యం అనాలో తేలడానికి చాలాకాలం పట్టింది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఐదు దేశాలకు చెందిన 491 మంది పురుషుల సంభోగ సమయాన్ని స్టాప్‌వాచీతో కొలిచారు. మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు, గరిష్ఠం 44 నిమిషాలు. ఈ లెక్కను బట్టి 20–25 నిమిషాలు దాటితే ఆలస్యం కిందికి వస్తుందని నిపుణులు భావిస్తున్నారు. అయితే అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం నిమిషాల జోలికి పోలేదు. నూటికి 75 సార్లకు పైగా ఇలాగే జరుగుతూ, ఆరు నెలలుగా సాగుతూ, ఆ మనిషిని బాధిస్తుంటేనే దాన్ని రుగ్మతగా పరిగణించమంది. బాధకు పెద్దపీట వేసిన ఈ పద్ధతే సరైనది.

అమెరికాలో లైంగిక వైద్యానికి బాటలు వేసిన మాస్టర్స్, జాన్సన్‌లు 1970లో దీన్ని స్ఖలన అసమర్థతగా వర్ణించారు. వారి దృష్టి ప్రధానంగా మనసు మీదే నిలిచింది: కఠినమైన మతనియమాల మధ్య పెంపకం, గర్భం వస్తుందన్న భయం, భాగస్వామిపై విముఖత. ఇవి నిజమైన కారణాలే. హస్తప్రయోగంలో గట్టి పట్టుకూ, ప్రత్యేకమైన తీరుకూ అలవాటుపడ్డవారికి సంభోగంలో ఆ స్పర్శ చాలకపోవడమూ తరచూ కనిపిస్తుంది. కానీ శరీరం పాత్ర ఎంతటిదో బయటపెట్టినవి మందులే.

1960 ప్రాంతంలో రక్తపోటుకు వచ్చిన గ్వానెథిడిన్ వాడినవారిలో స్ఖలనం ఆగిపోతున్నట్టు వైద్యులు గమనించారు. వీర్యాన్ని మూత్రనాళంలోకి చేర్చే పని వెన్నుపాము ఛాతీ, నడుము భాగాల నుంచి వచ్చే సింపథెటిక్ నరాలది. ఆ మందు వాటినే అణచేస్తుంది. మధుమేహం ముదిరి నరాలు దెబ్బతిన్నా, వెన్నుపాముకు గాయమైనా, వృషణాల క్యాన్సర్‌కు పొట్ట వెనుక లింఫు గ్రంథులను తొలగించినా జరిగేది దాదాపు ఇదే. ఇక మెదడులో డోపమిన్ స్ఖలనాన్ని ముందుకు నెడుతుంది, సెరటోనిన్ వెనక్కి లాగుతుంది. దిగులుకు వాడే క్లోమిప్రమిన్ సెరటోనిన్‌ను పెంచుతుంది. అది స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుందని 1973లోనే శీఘ్రస్ఖలనానికి వాడి చూశారు. 1987 చివర్లో, సెరటోనిన్‌నే పెంచే మరో దిగులు మందు ఫ్లూఓక్సెటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక ఆ తరహా మాత్రలు ప్రపంచమంతా పాకాయి, వాటితోపాటే ఈ ఫిర్యాదూ పెరిగింది. వీటిలో పారోక్సెటిన్ ప్రభావం మరీ ఎక్కువ. ఆ ముక్క ముందే చెప్పని చోట రోగి తనలోనే లోపముందని కుంగిపోతాడు, లేదా చెప్పాపెట్టకుండా మాత్రలు మానేస్తాడు. రెండూ ప్రమాదమే.

థైరాయిడ్ సంగతి విడిగా చెప్పాలి. 2005లో ఇటలీ పరిశోధకులు థైరాయిడ్ హార్మోన్ తగ్గిన 14 మంది పురుషులను పరీక్షిస్తే, వారిలో మూడింట రెండు వంతుల మందికి దగ్గరదగ్గరగా ఈ సమస్య ఉంది. హార్మోన్ సరిచేశాక ఆ సంఖ్య సగానికి పడిపోయింది. చిన్న అధ్యయనమే అయినా, మామూలు రక్తపరీక్షతో దొరికే కారణాన్ని వదిలేయకూడదు.

దీనికోసమే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. వాడేవన్నీ వేరే జబ్బుల కోసం పుట్టినవే. తెలుగునాట పిల్లలకు ఆకలి మందుగా తెలిసిన సైప్రోహెప్టడిన్ సెరటోనిన్‌ను అడ్డుకుంటుంది. దిగులు మందుల వల్ల స్ఖలనం ఆగినవారికి సంభోగానికి ముందు దీన్ని ఇచ్చిన సందర్భాలున్నాయి. మగత తెస్తుంది, దిగులు మందు పనిని కూడా దెబ్బతీయవచ్చు. పార్కిన్సన్ వ్యాధికి వాడే అమాంటడిన్, ప్రొలాక్టిన్‌ను తగ్గించే కాబెర్గొలిన్ డోపమిన్ వైపు నుంచి పనిచేస్తాయి. బుప్రొపియాన్‌ను దిగులుకే ఇస్తారు గానీ అది సెరటోనిన్‌ను పెంచదు. అందుకే పాత మాత్ర స్థానంలో దీనికి మారడం చాలామంది వైద్యులు ఎంచుకునే దారి. వెన్నుపాము గాయాలున్నవారికి మిడోడ్రిన్ కొంత మేలు చేసింది, కానీ రక్తపోటు చూసుకుంటూ వాడాలి. టెస్టోస్టిరాన్ మీద చాలా ఆశ పెట్టుకున్నారు. ఆ హార్మోన్ తక్కువగా ఉన్నవారిపై 2015లో వెలువడిన పరీక్షలో అది ఉత్తుత్తి మందు కంటే మెరుగైన ఫలితమేమీ చూపలేదు.

వారాంతంలో దిగులు మాత్ర మానేసే పద్ధతిని 1995లో పరీక్షిస్తే సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వాడేవారికి ఉపశమనం కలిగింది. ఫ్లూఓక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి దాని విషయంలో ఫలించలేదు. మానినప్పుడు తలతిప్పు, చిరాకు వంటివి రావచ్చు గనుక వైద్యుడు చెప్పకుండా ఇది చేయరాదు.

మందులు పనిచేయనప్పుడు, పెంపకమో భయమో కారణమైనప్పుడు దంపతులిద్దరితో కలిసి చేసే కౌన్సెలింగే ప్రధానం. సంతానం కావాలనుకునేవారికి వైబ్రేటర్‌తో ప్రేరేపించి వీర్యం సేకరించడం తొలి మెట్టు. వెన్నుపాము గాయమైనవారిలో అది కుదరకపోతే విద్యుత్ ప్రేరణతో తీస్తారు. అదీ సాధ్యం కాకుంటే వృషణం నుంచి సూదితో వీర్యకణాలు తీసి, 1992లో వెలుగు చూసిన ఇక్సీ పద్ధతిలో అండంలోకి నేరుగా ఎక్కిస్తారు.