తలంబ్రాలు గళ్లుగళ్లుగా ఎందుకు విరిగాయి?

మా పిన్ని పెళ్లి 1992లో తాడేపల్లిలో జరిగింది. పెళ్లంతా కలిపి ఒకటే క్యాసెట్టు, మూడు గంటలది. చివర పది నిమిషాల టేపు మిగిలితే, అదే ఏడు వచ్చిన కృష్ణా పుష్కరాల్లో సీతానగరం రేవులో ఇంటిల్లిపాదీ మునకలు వేయడం కూడా అందులోకే ఎక్కించారు. వీసీఆర్ అటకెక్కిన చాలా ఏళ్లకు పిన్ని ఆ క్యాసెట్టును ఒక దుకాణంలో ఇచ్చి డిస్కు చేయించుకుంది. ఒక ఆదివారం అందరం టీవీ ముందు చేరాం. జీలకర్ర బెల్లం బాగానే ఉంది. మాంగల్యధారణా బాగానే ఉంది. తలంబ్రాలు మొదలయ్యేసరికి మాత్రం బొమ్మ చెదిరిపోయింది. బియ్యం గింజలు లేవు, పసుపు లేదు. తెర నిండా చదరపు ముక్కలు ఎగురుతున్నాయి.

"ఇదేందిరా, తలంబ్రాలు పోసుకున్నట్టు లేదు, గళ్ల దుప్పటి కప్పినట్టుంది" అంది పిన్ని.

తప్పు క్యాసెట్టుదా, డిస్కుదా, చేసినవాడిదా? ఆ గళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో వెతుక్కుంటూ వెళితే వీడియో పుట్టిన కథంతా బయటపడింది. మా వైపు మిరప కల్లాల్లో ఎండిన కాయలోంచి తాలు ఏరతారు. తాలు ఉండిపోతే రేటు పడిపోతుంది, తొందరపడి ఏరితే మంచి కాయా పోతుంది. వీడియో కథ కూడా అచ్చం ఈ ఏరుడే. ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది ఒక్కొక్కరు ఒక్కో మెట్టు దగ్గర తేల్చుకుంటూ వచ్చారు.

టేపు కాదు, తల తిరగాలి

పాటను టేపు మీద ఎక్కించడం తేలిక. బొమ్మతో వచ్చే చిక్కల్లా వేగం. సెకనుకు లక్షలసార్లు మారే సంకేతాన్ని అయస్కాంతపు టేపు మీద రాయాలంటే, టేపు హెడ్డు ముందు నుంచి శరవేగంతో దూసుకుపోవాలి. బ్రిటన్‌లో బీబీసీ ఇంజినీర్లు ఆ పనే చేశారు. వాళ్ల 'వెరా' యంత్రంలో టేపు సెకనుకు 5 మీటర్ల చొప్పున పరుగెత్తేది. బండి చక్రమంత రీలు చుట్టినా పావుగంటకే ఖాళీ.

అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ ఇంజినీరు చార్లెస్ గిన్స్‌బర్గ్ బృందం చిక్కును తిరగేసి చూసింది. టేపును అంత వేగంగా పరుగెత్తించడం ఎందుకు, హెడ్డునే తిప్పితే పోలా? రెండంగుళాల వెడల్పు టేపు నెమ్మదిగా కదులుతుంటే నాలుగు హెడ్లున్న చక్రం దాని మీద అడ్డంగా గిర్రున తిరుగుతుంది. 1956 ఏప్రిల్ 14న చికాగోలో ఆ యంత్రాన్ని జనం ముందు పెట్టారు. తర్వాత సినిమా హాళ్ల ధ్వనిలో పేరు మోగిపోయిన రే డాల్బీ అప్పటికి ఆ బృందంలో కుర్రాడు.

ఆ ఉపాయమే చిక్కి చిక్కి మన ఇళ్లలోకి వచ్చింది. జపాన్‌లో సోనీ 1975లో బీటామ్యాక్స్, జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్ తెచ్చాయి. మన టీవీ పద్ధతికి సరిపోయే వీహెచ్‌ఎస్ యంత్రంలో టేపు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. ఏటవాలుగా నిలిపిన గుండ్రటి డ్రమ్ము మాత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. లెక్కేస్తే హెడ్డు టేపును రాసుకుంటూ పోయే వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లు. వెరా వేగమూ అదే! టేపు మీదుండే పరుగు హెడ్డుకు మారింది, అంతే.

ఇంత చిన్న టేపులో బొమ్మ పట్టడానికి కొంత పారేశారు. మనిషి కన్ను వెలుగు నీడల్ని చూసినంత పదునుగా రంగును చూడదు. అందుకని వీహెచ్‌ఎస్‌లో వెలుగుకు అడ్డంగా 240 గీతల వివరం ఉంచి, రంగుకు 40 గీతల పాటి మాత్రమే మిగిల్చారు. పిన్ని కట్టుకున్న ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పక్కకు కారినట్టు కనిపించేది అందుకే. ఆ మచ్చ డిస్కుది కాదు. 1992లోనే పడింది.

భుజం మీద పెళ్లి

మన దేశానికి 1982లో రంగుల టీవీ వచ్చింది. వీసీపీలు అద్దెకు తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూసే రోజులు ఆ వెనకే వచ్చాయి. మొదట్లో వీడియో తీయాలంటే కెమెరా భుజాన ఒకటి, రికార్డరు సంచిలో ఒకటి మోయాలి. ఆ రెంటినీ కలిపి సోనీ 1983లో బీటామూవీ చేసింది. అది రికార్డు చేయగలదు గానీ తిరిగి చూపించలేదు. తర్వాత 1985లో 8 మిల్లీమీటర్ల టేపుతో అరచేతి కెమెరాలు బయల్దేరాయి. మన పెళ్లిళ్లలో మాత్రం భుజాన మోసే వీహెచ్‌ఎస్ కెమెరాలదే చాలాకాలం రాజ్యం. కళ్లు బైర్లు కమ్మే లైటు, మండపం చుట్టూ వైర్లు, పంతులుగారికి చెమటలు. తర్వాత మిక్సింగ్: పువ్వులు రాలడం, హృదయంలో వధూవరులు, వెనక సినిమా పాట.

ఆ మిక్సింగ్‌లో ఒక నష్టం దాగుంది. కెమెరాలోని క్యాసెట్టు నుంచి మరో క్యాసెట్టుకు ఎక్కించినప్పుడల్లా బొమ్మ కొంత మసకబారుతుంది, గరుకెక్కుతుంది. మన బీరువాల్లో ఉన్నవి చాలావరకు రెండో తరం, మూడో తరం నకళ్లు. వీడియో అంకెల్లోకి మారితే గానీ ఈ అరుగుదల ఆగదు. అంకెను ఎన్నిసార్లు నకలు తీసినా అంకె అంకెలాగే ఉంటుంది.

నాలుగు పేజీల కాగితం

అంకెల్లోకి మార్చడం పెద్ద పనేమీ కాదు, పట్టించడమే కష్టం. మన టీవీ బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. ఏమీ కుదించకుండా రాస్తే గంట పెళ్లికి 75 గిగాబైట్లు, అంటే మామూలు డీవీడీలు 16 కావాలి. దీన్ని ఒక డిస్కులో పట్టేలా చేసిన గణితం వెనక ముగ్గురు భారతీయులున్నారు.

బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. బొమ్మలోని వెలుగును కొసైన్ తరంగాల మొత్తంగా విడగొట్టవచ్చని ఆయనకు తోచింది. 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందన్నది ఒక సమీక్షకుడి అభ్యంతరమట. 1973 వేసవిలో జీతం లేకుండానే ఆయన ఆ పని పట్టుకు కూర్చున్నాడు. తోడు ఇద్దరు: శిష్యుడు టి. నటరాజన్, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసర్ కె.ఆర్. రావు.

ఈ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మన వైపు వినే ఇంటిపేరే. 1952లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోనే స్థిరపడి, 2021లో కన్నుమూసే దాకా ఈ విద్యనే తరాల విద్యార్థులకు నేర్పాడు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో ఒక ఇంజినీరింగ్ పత్రికలో నాలుగు పేజీల వ్యాసం వచ్చింది. పేరు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్'. ముద్దుగా డీసీటీ. ఫోన్‌లో తీసే జేపెగ్ ఫొటోకూ, డీవీడీ బొమ్మకూ మూలం అదే.

అది చేసే పని కల్లంలో పనిలాంటిదే. బొమ్మను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గళ్లుగా కోస్తారు. డీవీడీ బొమ్మ ఒక్కోదానిలో అలాంటివి 6480. ఒక్కో గడిలోని 64 చుక్కల్ని 64 సంఖ్యలుగా మారుస్తారు. మొదటిది ఆ గడి మొత్తం మీద సగటు వెలుగు. తర్వాతివి నెమ్మదిగా మారే నీడలు. చివరివి కంటికి ఆనీ ఆనని సన్నని వివరాలు. ఆ చివరివే తాలు. వాటిని పారేసినా కన్ను గమనించదు.

చోటు మరీ ఇరుకైతే? తాలుతో పాటు మంచి కాయనూ పారేయాల్సి వస్తుంది. ఆఖరికి గడికి ఒక సగటు రంగే మిగులుతుంది. పిన్ని చూసిన గళ్ల దుప్పటి అదే.

తలంబ్రాలే ఎందుకు?

ఒక్కో బొమ్మను కుదిస్తే సరిపోలేదు. 1988లో మొదలైన ఎంపెగ్ బృందం ఇంకో కిటుకు చేర్చింది: పోయిన బొమ్మకూ ఈ బొమ్మకూ తేడా ఎంతో అంతవరకే రాయడం. పంతులుగారు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే రాసేది దాదాపు ఏమీ ఉండదు. తలంబ్రాలు పోస్తుంటే వేల గింజలు ఎటు పడితే అటు పడతాయి, మధ్యలో ఫొటో ఫ్లాషులు. ఏ బొమ్మా ముందుదానిలా ఉండదు. పెళ్లి మొత్తంలో వీడియోకు అతి బరువైన ఘట్టం అదే.

ఈ పద్ధతితో 1993లో వీసీడీ వచ్చింది. సెకనుకు 11.5 లక్షల బిట్లే కాబట్టి బొమ్మ సగం సైజుకు దిగింది. తర్వాత రెండు వర్గాలుగా చీలిన కంపెనీలు 1995లో రాజీపడి ఒకే డిస్కుకు ఒప్పుకున్నాయి. 1996 నవంబరు 1న జపాన్‌లో డీవీడీ ప్లేయర్ అమ్మకానికి వచ్చింది. డిస్కుకు 4.7 గిగాబైట్లు, బొమ్మకు సెకనుకు 98 లక్షల బిట్ల దాకా. ఇంట్లో కూర్చుని డీవీడీ రాసుకునే డ్రైవులు మామూలు మనుషుల ధరకు దిగింది 2001 తర్వాతే. ఈలోగా 1995లో డీవీ కెమెరా వచ్చింది. అది అంకెల్లోనే రాసుకుని, ఒక్క ఫైర్‌వైరు తీగతో వాటిని ఉన్నవి ఉన్నట్టు కంప్యూటరులో దింపేది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మూడు గంటల క్యాసెట్టును 4.7 గిగాబైట్లలో కూరితే సెకనుకు 35 లక్షల బిట్లకు మించి దొరకవు. అది అసలు బొమ్మలో 47వ వంతు. పైగా నీళ్లు కాలువకు ఒకే మట్టాన వదిలినట్టు ప్రతి సెకనుకూ సమానంగా పంచారు. పంతులుగారికి ఎక్కువైంది, తలంబ్రాలకు చాలలేదు.

మళ్లీ మొదట్నుంచి

అదృష్టం కొద్దీ పిన్ని క్యాసెట్టు పారేయలేదు. ఈసారి ఇంట్లోనే కూర్చున్నాం. మూత ఎత్తి చూస్తే టేపు అంచున పిండి చల్లినట్టు తెల్లటి బూజు. ఏటి పక్క ఊళ్లలో వర్షాకాలపు చెమ్మ చేసే పని. బూజుతో టేపును ఆడిస్తే హెడ్డు పాడవుతుంది, పక్క క్యాసెట్టుకూ అంటుతుంది. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాం. హెడ్డు తుడిచి, అడుగున గీతలు పోయేదాకా ట్రాకింగ్ సరిచేశాం.

వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు పాత డీవీ కెమెరాకు. కెమెరా నుంచి ఫైర్‌వైరు కంప్యూటరుకు. కొన్ని కెమెరాలు ఇలా వచ్చిన బొమ్మను అప్పటికప్పుడే అంకెలుగా మార్చి పంపిస్తాయి. దీనికి అడ్డదారి లేదు. మూడు గంటల పెళ్లి మూడు గంటలూ ఆడాల్సిందే. గంటకు 13 గిగాబైట్లు పట్టింది.

డిస్కు చేసేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకున్నాం. పాత టేపులోని గరుకు ప్రతి బొమ్మకూ మారిపోతుంటుంది కాబట్టి, యంత్రం దాన్నీ తలంబ్రాలనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. అందుకే ముందు దాన్ని కాస్త తగ్గించాం. ఎక్కువ తగ్గిస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. రెండోది ఫీల్డుల వరస. మన టీవీ బొమ్మ సరిబేసి గీతలుగా రెండు సగాల్లో వస్తుంది. డీవీలో కింది సగం ముందు. ఆ వరస తప్పితే కదిలిన ప్రతి చెయ్యీ వణుకుతుంది. మూడోది రెండు దఫాల కుదింపు. మొదటిసారి యంత్రం పెళ్లంతా చూసి ఎక్కడ బరువుందో రాసుకుంటుంది, రెండోసారి అవసరాన్ని బట్టి పంచుతుంది. మూడు గంటల్ని మూడు డిస్కుల్లో సర్దాం.

తలంబ్రాల దగ్గర పిన్ని కుర్చీ ముందుకు జరుపుకుంది. గింజలు గింజల్లా పడ్డాయి. ఎర్రచీర రంగు ఇంకా అంచు దాటుతూనే ఉంది, దానికి మందు లేదు. టేపులో లేనిదాన్ని ఏ డిస్కూ తేలేదు. ఉన్నదాన్ని పోగొట్టకుండా తేవడమే మంచి డిస్కు చేసే పని.

డిస్కును కూడా పూర్తిగా నమ్మొద్దు. ఇంట్లో రాసిన డీవీడీలో ఉండేది రంగు పొర. మన వేసవి ఎండకు అది వెలిసిపోతుంది. డీవీ ఫైలును రెండు వేరువేరు హార్డ్‌డిస్కుల్లో దాచండి. క్యాసెట్టును మాత్రం పారేయకండి. ఎవరికైనా ఇస్తే "ఒక డిస్కులో ఎన్ని గంటలు పెడతారు?" అని ముందే అడగండి. గంట, గంటన్నర అంటే ఇవ్వండి. మూడు అంటే వెనక్కి తెచ్చుకోండి.

ఆలస్యం చేయకండి కూడా. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీని 2016 జులైలో ఆపేసింది. ఆ మరుసటి నెలలోనే కృష్ణకు మళ్లీ పుష్కరాలు వచ్చాయి. పుష్కరాలు 2028లో ఇంకోసారి వస్తాయి. వీసీఆర్లు ఇక రావు.