తప్పు ముల్లుది కాదు, తీగది

పాత కార్ల స్పీడోమీటర్ కథ, దాని మరమ్మతు కిటుకు

1896 జనవరి. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ప్యాడక్ వుడ్ అనే ఊరు. ఊళ్లో మోటారు బండి గంటకు రెండు మైళ్లకు మించి పోకూడదని అప్పటి చట్టం. వాల్టర్ ఆర్నాల్డ్ అనే పెద్దమనిషి ఎనిమిది మైళ్ల వేగంతో దూసుకుపోయాడు. ఓ కానిస్టేబుల్ సైకిలెక్కి వెంటపడి మరీ పట్టుకున్నాడు. కోర్టు ఒక షిల్లింగు జరిమానా వేసింది. అతివేగానికి శిక్ష పడిన తొలి మోటారిస్టుగా ఆర్నాల్డ్ చరిత్రకెక్కాడు. బండి ఎంత వేగంతో పోతోందో చూసుకునే సాధనం మాత్రం ఆ రోజుల్లో బండ్లకు లేదు.

1903లో బ్రిటన్ కొత్త చట్టం చేసి వేగ పరిమితిని 20 మైళ్లకు పెంచింది. పోలీసులు స్టాప్‌వాచీలు పట్టుకుని రోడ్డు పక్క పొదల చాటున మాటు వేసేవారు. ఎక్కడ కాపు కాశారో తోటివారికి చెప్పడానికి మోటారిస్టులు 1905లో ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. పోలీసు చేతిలో గడియారం ఉంది, మరి డ్రైవరు కళ్ల ముందు ఏముంది? స్పీడోమీటర్‌కు గిరాకీ తెచ్చింది ఈ ప్రశ్నే.

అంటుకోకుండానే లాగే బలం

దానికి కావలసిన విజ్ఞానం అప్పటికే ఎనభై ఏళ్లుగా సిద్ధంగా ఉంది. రాగిని అయస్కాంతం ఆకర్షించదు. అయినా రాగి పళ్లేన్ని గిరగిరా తిప్పితే, దానిపైన వేలాడదీసిన అయస్కాంత సూది కూడా వెంట తిరగడం 1824లో ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో గమనించాడు. కారణమేమిటో 1831లో మరో శాస్త్రవేత్త ఫారడే తేల్చాడు. అయస్కాంతం, లోహం ఒకదాని ముందు ఒకటి కదిలినప్పుడు లోహంలో విద్యుత్ ప్రవాహాలు సుడులు తిరుగుతాయి. ఆ సుడులే రెండింటినీ కలిపి లాగుతాయి.

స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జ్ దీన్ని తిరగేశాడు. ఆయన మీటర్లో తిరిగేది అయస్కాంతం, దాని వెంట పోబోయేది లోహం. 1902 అక్టోబరు 7న బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు కార్లలో ఎక్కువగా తిరిగింది ఈ సూత్రమే.

గేర్‌బాక్స్ వెనక భాగంలో పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. దాని నుంచి ఉక్కు తీగలు మెలిపెట్టి చేసిన కేబుల్, ఒక తొడుగులో తిరుగుతూ డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. మీటర్ వెనక అయస్కాంతాన్ని తిప్పేది అదే. అయస్కాంతం మీద పల్చని అల్యూమినియం గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. రెండూ తగలవు, మధ్య సన్నని సందు. అయస్కాంతం తిరిగితే గిన్నె కూడా తిరగబోతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట గిన్నెకు బిగించిన ముల్లు నిలబడుతుంది. వేగం రెట్టింపైతే లాగుడూ రెట్టింపవుతుంది కాబట్టే ఈ మీటర్లలో అంకెల్ని సమాన దూరంలో ముద్రించడం కుదిరింది.

లండన్‌లో గడియారాలు చేసే స్మిత్స్ కంపెనీ 1904లో రాజు ఏడో ఎడ్వర్డ్ కారుకు మీటర్ అమర్చింది. తర్వాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఆ పేరే దిక్కయింది. 1937 అక్టోబరు నుంచి కొత్త వాహనాలకు స్పీడోమీటర్ ఉండాల్సిందేనని అక్కడ నిబంధన వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూసలో తయారై 2014 దాకా వచ్చిన మన అంబాసిడర్, ఫియట్ 1100 వారసత్వంతో వచ్చిన ప్రీమియర్ పద్మిని కూడా ఈ కేబుల్ మీటర్‌తోనే మన రోడ్లెక్కాయి.

మీటర్ విప్పే ముందు

ముల్లుకూ చక్రానికీ మధ్య ఇంత దారి ఉంది. అందులో మీటర్ లోపలి గిన్నె దేనికీ రాసుకోదు కనుక అంత తేలిగ్గా అరగదు. ఎండలో, ఇంజిన్ వేడిలో, దుమ్ములో, వంపుల్లో నలిగేది కేబుల్. అందుకే అనుభవమున్న మెకానిక్ ముందు మీటర్ జోలికి పోడు.

ముల్లు కదలడం లేదు, అదే కేబుల్‌తో తిరిగే కిలోమీటర్ల రీడింగు కూడా ఆగిపోయింది అంటే కేబుల్ తెగిందన్నమాట, లేదా కొస జారి ఉండాలి, లేకుంటే పినియన్ పళ్లు పోయి ఉండాలి. రీడింగు తిరుగుతూ ముల్లు ఒక్కటే కదలకపోతే కేబుల్ బాగానే ఉంది, జబ్బు మీటర్లో ఉంది. ముల్లు అటూ ఇటూ ఊగిసలాడితే కేబుల్ ఎండిపోయిందనో ఎక్కడో మడత పడిందనో అర్థం.

మడతను పట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. లోపలి తీగను బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని మధ్య భాగాన్ని కిందికి వేలాడనివ్వాలి. ఒక కొసను వేళ్ల మధ్య మెల్లగా తిప్పితే మంచి తీగ నున్నగా తిరుగుతుంది. మడత ఉన్న తీగ ఒకచోట ఆగి, ఠక్కున ఎగిరి పడుతుంది. అలాంటిదాన్ని సాగదీసి సరిచేద్దామనుకోవడం దండగ, మార్చేయడమే మేలు.

గ్రీజు పల్చగా పూయాలి. తీగను తొడుగులోకి ఎక్కించాక పైకొసను ఎనిమిది అంగుళాలు వెనక్కి లాగి, అంతమేరా గ్రీజు తుడిచేయాలని పాత సర్వీసు పుస్తకాలు చెబుతాయి. తిరిగే తీగ గ్రీజును పైకి మోసుకుపోతుంది మరి. అది మీటర్లోకి చేరి గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య సందులో పడితే ముల్లు పైకిపోయి అక్కడే అతుక్కుంటుంది. బిగించేటప్పుడు తీగ కొస తొడుగు బయటికి దాదాపు పది మిల్లీమీటర్లు రావాలి. ఎక్కడా ఆరు అంగుళాల వ్యాసార్ధం కన్నా గట్టి వంపు ఉండకూడదు.

డయల్ మీది చిన్న అంకె

ఇంత చేసినా మీటర్ తప్పు చూపిస్తుంటే స్మిత్స్ డయల్ అడుగున 1280, 1600 లాంటి చిన్న అంకె వెతకండి. మైలుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే లెక్క అది. మీటర్ నుంచి కేబుల్ ఊడదీసి, కొసకు అట్టముక్క గుచ్చి, వెనక చక్రాలు ఆరు చుట్లు తిరిగేదాకా కారును తోయాలి. అట్టముక్క తిరిగిన చుట్లను 1680తో హెచ్చించి, చక్రం మధ్య నుంచి నేల దాకా ఉన్న ఎత్తుతో, అంగుళాల్లో, భాగించాలి. ఎత్తు 12 అంగుళాలు, చుట్లు 9 అనుకుంటే 1260 వస్తుంది. డయల్ మీద 1280 ఉంటే బెంగలేదు. చుట్లు ఏడుంపావే అయితే లెక్క 1015 దగ్గర ఆగుతుంది. కారు నిజంగా 60 మైళ్లతో పోతుంటే ముల్లు 48 దాటదు. వేరే మోడల్ గేర్‌బాక్సో మీటరో ఎప్పుడో బిగించారని గ్రహించాలి. ముల్లును పీకి కాస్త ముందుకు గుచ్చితే ఈ తేడా పోదు.

అయస్కాంతం బలం తగ్గినా, స్ప్రింగు దెబ్బతిన్నా ఆ పని మీటర్లు బాగుచేసేవారికే వదలాలి. మీటర్ విప్పినప్పుడు రీడింగు వెనక్కి తిప్పాలన్న ఆశ కొందరికి పుడుతుంది. అమెరికా 1972లోనే దాన్ని చట్టం చేసి నిషేధించింది. మరమ్మతులో పాత రీడింగు నిలబెట్టడం కుదరకపోతే సున్నాకు తెచ్చి, పాత అంకె, మరమ్మతు తేదీ రాసిన చీటీ డ్రైవరు వైపు తలుపు చట్రానికి అంటించాలని అక్కడి నియమం. మనమూ పాటించదగ్గ పద్ధతే ఇది.

ఆటోనగర్‌లోనో పాత సామాన్ల కొట్టులోనో మరో మీటర్ కొనాల్సివస్తే మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. డయల్ మీది ఆ చిన్న అంకె, మైళ్లా కిలోమీటర్లా అన్నది చూసి తీసుకోండి. అంతకన్నా ముందు కేబుల్ ఒకసారి బయటికి లాగి చూడండి. చాలామందికి కొత్త మీటర్ అవసరమే రాదు.